నాణ్యమూ, నాణెమూ: బిజినెస్ తరగతి వైను జాబితా మీద ఒక విమర్శ

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా కళాశాల పూర్వ విద్యార్థి ఒకడు అమెరికా నుండి వచ్చి, రాజమండ్రిలో నన్ను చూసిపోదామని మా యింటికి వచ్చాడు. తెలుగు ఎం.ఏ.లో చేరుతానని ఒకప్పుడు పట్టుపట్టి, తండ్రి మాట కాదనలేక ఇంజనీరయిన కుర్రవాడు. ఈసారి కంపెనీ ఖర్చు మీద బిజినెస్ తరగతిలో ప్రయాణం చేశాడట. సంచీలో నుండి దళసరి కాగితం మీద అందంగా అచ్చువేసిన నాలుగు పుటల పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. అది ఆ విమానంలో పోసే వైనుల, షాంపేనుల జాబితా. “మేస్టారూ, అచ్చయిన ప్రతి మాటా విమర్శకు తగినదేనని తరగతిలో చెప్పేవారు గదండీ. దీన్ని విమర్శించండి చూద్దాం” అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వి వూరుకున్నాను. కాని ఆ రాత్రి జాబితాను రెండుసార్లు చదివిన తర్వాత అది నవ్వి వదిలివేయదగినది కాదనిపించింది. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

వస్తువు గురించీ శిల్పం గురించీ వాదించుకునే ఈ పుటల్లో షాంపేను ప్రసంగం ఏమిటని మిత్రులు అడగవచ్చును. అడగవలసిందే. నా సమాధానం ఇది. సాహిత్య విమర్శకు మూలధాతువయిన ‘రసం’ అనే మాట నాలుక మీద పుట్టింది. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు రసమంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు భోజనాన్నే ఉపమానంగా తీసుకున్నాడు. రకరకాల వ్యంజనాలతో సంస్కరింపబడిన అన్నాన్ని తినేవాడు రుచిని ఆస్వాదించినట్లే ప్రేక్షకుడు నాట్యాన్ని ఆస్వాదిస్తాడన్నాడు. ఆ ఉపమానంలో తినేవాడున్నాడు, వంట వున్నది. వండినవాడు మాత్రం కనబడడు. రెండువేల యేళ్ళకు పైగా మన అలంకారశాస్త్రం ఆ వంటవాడి పేరడగలేదు. అతని పేరడగడమే అభ్యుదయ విమర్శ చేసిన కొత్త పని. ఆ ప్రశ్నను కావ్యం దగ్గర అడిగి కల్లుముంత దగ్గరా షాంపేను గ్లాసు దగ్గరా అడగకపోతే అది సిద్ధాంతం కాదు, అలవాటు మాత్రమే.

ముందుగా జాబితాను రచనగా చదువుదాం. ప్రతి సీసాకూ నాలుగైదు వాక్యాల వర్ణన వున్నది. ద్రాక్ష జాతి పేరు, పండిన వూరు, కోసిన సంవత్సరం, నేల స్వభావం వరుసగా చెప్పారు. సుద్దనేల అంటారు, తూర్పు వాలు అంటారు. తర్వాత వాసనలు: పచ్చి ఆపిలు, నిమ్మతొక్క, వేయించిన బాదం, వెన్న రాసి కాల్చిన రొట్టె. తర్వాత రుచి, ఆ తర్వాత నోట్లో అది ఎంతసేపు నిలుస్తుందో. నిజం చెప్పాలంటే ఈ సూక్ష్మత చూసి నాకు కొంచెం అసూయ కలిగింది. ఒక నవలను సమీక్షిస్తూ ‘పాత్రచిత్రణ బాగున్నది, శైలి సరళంగా వున్నది’ అని సరిపెట్టే మన సమీక్షకులు వూరూ యేడూ నేలా చెప్పి, అనుభూతిని విడమరచి పేరుపెట్టే ఈ శ్రద్ధను చూసి నేర్చుకోవలసింది వున్నది. దాన్ని వెక్కిరించడం మన పని కాకూడదు.

అయితే తెలుగు పాఠం చెప్పేవాడి కన్ను వ్యాకరణం మీదికి పోక మానదు. ఆ నాలుగు పుటల్లో క్రియలు వెతికాను. ద్రాక్ష ‘చేతితో కోయబడింది’. రసం ‘మెల్లగా పిండబడింది’. సీసాలో ‘దీర్ఘకాలం విశ్రమించింది’. కర్మ వున్నది, క్రియ వున్నది, కర్త లేడు! చేయి వున్నది గాని, ఆ చేయి గల మనిషి లేడు. కర్తలుగా కనిపించినవి మూడే: నేల, కాలం, కంపెనీ వంశం. నేల ప్రసాదించింది, కాలం పండించింది, ఫలానా వంశం తరతరాలుగా కాపాడింది. కర్మణి ప్రయోగం తెలుగులో కృత్రిమంగా వుంటుందని వ్యాకరణవేత్తలు చెబుతారు. వర్గసమాజంలో ఆ ప్రయోగానికి ఎంత పెద్ద ప్రయోజనమున్నదో ఈ జాబితా చెబుతుంది.

ఇటువంటి రచన మనకు కొత్తది కాదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికి అంకితమిచ్చాడు. ఆ వైశ్యప్రభువు ఏయే రేవుల నుండి ఏయే సరుకులు తెప్పించేవాడో, కర్పూరం ఎక్కడిదో, గుర్రాలెక్కడివో, ఏనుగులెక్కడివో, పట్టుబట్టలెక్కడివో కవి అందులో ఏకరువు పెట్టాడు. చరిత్రకారులకు ఆ వర్ణన నిధి వంటిది. దూరదేశపు పేరే వస్తువుకు ప్రకాశమిస్తుందని ఆనాటికే కవికి తెలుసు. ఆ కవే తర్వాత మన రాజమహేంద్రవరంలో రెడ్డిరాజు వీరభద్రుడి ఆస్థానంలో వుండి కాశీఖండం చెప్పాడు. వైను జాబితా నేటి కృత్యాది. కృతిపతి మాత్రం మారాడు. ఆనాడు సరుకు తెప్పించినవాడిని పొగిడారు, ఈనాడు సరుకు తాగబోయేవాడిని పొగుడుతున్నారు. ‘నీ నాలుకకు ఈ బాదం వాసన తెలుస్తుంది సుమా’ అనడంకన్న పెద్ద పొగడ్త ఏమున్నది?

అయితే ఆ నాలుకకు నిజంగా తెలుస్తుందా? ఇక్కడే జాబితా మొదటి అబద్ధం బయటపడుతుంది. ముప్పయి అయిదు వేల అడుగుల ఎత్తున ఎగిరే విమానం లోపల గాలి పీడనాన్ని సుమారు ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండ మీద వుండే స్థాయిలో నిలుపుతారు. గాలిలో తేమ ఇరవై శాతానికి లోపే వుంటుంది. గోదావరి గాలి పీల్చి పెరిగిన ముక్కుకు అది ఎడారి. ముక్కు లోపలి పొర ఎండిపోతే వాసన అందదు. వాసన అందకపోతే రుచిలో పెద్దభాగం పోతుంది. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు లుఫ్తాన్సా విమాన సంస్థ కోరిక మీద, నేల మీదనే ఒక విమానపు ముక్కను పీడనం తగ్గించే గదిలో పెట్టి పరీక్షలు చేసి, ఉప్పూ తీపీ తెలిసే శక్తి స్పష్టంగా తగ్గుతుందని 2010లో తేల్చారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు 2015లో మరొక సంగతి చూపించారు: విమానంలో వుండే 85 డెసిబెళ్ళ హోరు చెవిలో పడుతుండగా తీపి మందగిస్తుంది, టమాటాలో వుండేటటువంటి కమ్మదనం మాత్రం పెరుగుతుంది.

వైను మీద దీని ప్రభావం ఏమిటి? తీపీ పండు వాసనా తగ్గితే మిగిలేవి పులుపూ వగరూ. నేల మీద సున్నితమనిపించిన షాంపేను ఆకాశంలో పుల్లగా పలచగా తోస్తుంది. నేల మీద గంభీరమనిపించిన ఎర్రవైను అక్కడ కరక్కాయ నమిలినట్లు వుంటుంది. అందుకనే విమాన సంస్థలకు వైనులు ఎంచిపెట్టే నిపుణులు మెత్తని, పండు వాసన దట్టంగా వున్న రకాలవైపు మొగ్గుతారు. ఇది తెలివైన పనే, వృత్తి నైపుణ్యమే. కాని జాబితాలోని వర్ణన ఏ నాలుక రాసింది? నేల మీద తీరికగా కూర్చుని, తేమగాలి పీలుస్తూ రుచి చూసిన నాలుక. వర్ణన ఒక లోకంలో, ఆస్వాదన మరొక లోకంలో! ఇంజను హోరు వర్గభేదం పాటించదు. వెనక వరుసలో ఇరుక్కున్నవాడికీ ముందు వరుసలో కాళ్ళు చాపినవాడికీ అది ఒకే తీరున నాలుకను మొద్దుబారుస్తుంది.

ఈ సత్యాన్ని నాకు మొదట చెప్పినది జర్మనీ శాస్త్రజ్ఞులు కారు. మా విద్యార్థిని ఒకమ్మాయి తల్లి కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి పన్నెండేళ్ళ తర్వాత తిరిగి వచ్చింది. కోనసీమ నుండీ, నరసాపురం పాలకొల్లు ప్రాంతాల నుండీ గల్ఫు దేశాలకు ఇంటిపనికి పోయిన ఆడవాళ్ళు ఎందరో పాఠకులకు చెప్పనక్కరలేదు. విమానంలో తిండి ఎలా వుంటుందని యథాలాపంగా అడిగాను. “ఆయ్, కూర చప్పగా వుందండి మేస్టారూ. వుప్పు వెయ్యడం మర్చిపోయారేమో అనుకున్నానండి. వూరినుంచి పట్టుకెళ్ళిన మాగాయ ముక్క నంజుకుంటే గాని ముద్ద దిగలేదండి” అన్నది. పరీక్షాగదీ, పరికరమూ లేకుండా ఆమె ఆ సిద్ధాంతాన్ని కనిపెట్టింది. విరుగుడు కూడా కనిపెట్టింది. రుచి తెలియడానికి ఏ తరగతి టిక్కెట్టూ అవసరం లేదు. తెలిసిన రుచిని అచ్చువేయించడానికి మాత్రం వున్నది.

నాలుక మొద్దుబారుతుందని తెలిసి కూడా అంత ఖరీదైన సీసా ఎందుకు తెరుస్తారు? సమాధానం రుచిలో లేదు, చరిత్రలో వున్నది. చాలాకాలం అంతర్జాతీయ టిక్కెట్ల ధరలను విమాన సంస్థల కూటమి నిర్ణయించేది. ధరలో పోటీ పడకూడదు గనుక పళ్ళెంలో పోటీ పడ్డారు. 1958లో అట్లాంటిక్ మీద చౌక తరగతిని పెట్టినప్పుడు, అందులో చల్లని, ఖరీదులేని మామూలు శాండ్విచ్ రొట్టె తప్ప మరేదీ పెట్టరాదని నియమం చేశారు. స్కాండినేవియా దేశాల సంస్థ రొట్టె మీద మాంసమూ చేపా అలంకరించి పెట్టిందని అమెరికా సంస్థ పాన్ యామ్ ఫిర్యాదు చేసింది. వాదోపవాదాలు నడిచి చివరకు జరిమానా కూడా పడింది. దీనికి ‘శాండ్విచ్ యుద్ధ’మని పేరు. పేదవాడి రొట్టె మీద కూర ఎక్కువయితే పైతరగతికి అవమానమన్నమాట! 1970ల చివర అమెరికాలో ధరల నియంత్రణ సడలిన కాలంలోనే మొదటి తరగతికీ చౌక తరగతికీ నడుమ బిజినెస్ తరగతి అనే మూడో మెట్టు వెలిసింది. ఆ మెట్టు ఎక్కినట్లు గుర్తుగా చేతికిచ్చినదే ఈ గ్లాసు. 1985 నుండి ‘ఆకాశంలో నేలమాళిగలు’ అనే అర్థం వచ్చే పేరుతో విమానపు వైనులకు పోటీలూ బహుమతులూ కూడా వున్నాయి.

మన దేశానికి వస్తే, ఎయిర్ ఇండియా మహారాజు బొమ్మ 1946లో పుట్టింది. సంస్థ 1953లో జాతీయమయింది. తలపాగా మహారాజు మాత్రం పదవీచ్యుతుడు కాలేదు. 2022 జనవరిలో సంస్థ తిరిగి టాటాల చేతికి పోయింది. మరుసటి యేడు అంతర్జాతీయ విమానాల్లో పైతరగతులకు కొత్త వడ్డన ప్రకటించినప్పుడు ఫ్రాన్సు నుండి వచ్చే లోరాన్ పెరియే షాంపేనును ముందు నిలిపారు. దేశీయ విమానాల్లో మద్యం పోయరాదన్నది మన నియమం. మా మధురపూడి విమానాశ్రయం నుండి ఎగిరే విమానాల్లో ఆ సమస్యే రాదు. బీరు పేరు పెట్టుకుని 2005లో రెక్కలు విప్పిన కింగ్‌ఫిషర్ కూడా దేశంలోపల బీరు పోయలేకపోయింది, పేరునే పోసింది. 2012 అక్టోబరులో ఆ రెక్కలు ఆగిపోయేనాటికి ఆ సంస్థ ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు లేవు. చిరునవ్వుతో గ్లాసు అందించిన చేతికి జీతం అందిందా లేదా అనేది ఏ జాబితాలోనూ నాణ్యత కింద లెక్కకు రాదు.

మరొక ఉదాహరణ చూడండి. కువైట్ ఎయిర్‌వేస్ విమానాల్లో మద్యం పొయ్యరు. సౌదియా విమానాల్లోనూ పొయ్యరు. అయినా అక్కడ బిజినెస్ తరగతి వున్నది, వెనక మన కోనసీమ ఆడవాళ్ళు కూర్చునే తరగతీ వున్నది. అడ్డంగా తెర వున్నది. షాంపేను లేకపోయినా అంతరువు నిక్షేపంగా నిలిచింది! అంతరువును నిలబెట్టేది షాంపేను కాదు. అంతరువే షాంపేనుకు ఆ వెల కట్టించుకుంటున్నది. ఎత్తుకు పోయేకొద్దీ ఉప్పు రుచి తగ్గుతుంది, తీపి రుచి తగ్గుతుంది. పేరు రుచి మాత్రం తగ్గదు.

‘నాణ్యము’ అనే మన మాటకు ‘నాణెము’తో చుట్టరికం వున్నది. కల్తీలేని చెల్లుబడి నాణెం నుండే మంచి సరుకు అనే అర్థం వచ్చింది. మంచితనాన్ని చెప్పడానికి నాణేన్ని ప్రమాణంగా తీసుకున్న భాష మనది. ఇది మన భాష తప్పు కాదు. సమాజం చేసినదాన్ని భాష దాచుకున్నది, అంతే. విమర్శకుడి పని ఈ రెండు మాటలనూ మళ్ళీ విడదీసి చూపడం.

ఇక జాబితాలో లేని కర్తను వెతుకుదాం. ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతపు ద్రాక్షను చేతితోనే కోయాలన్నది అక్కడి చట్టం. సెప్టెంబరు ప్రాంతంలో కొద్దివారాల పాటు లక్షమందికి పైగా కూలీలు అక్కడికి చేరతారు. మన వరికోతలకు వలసకూలీలు వచ్చినట్లే. సీసాలో రెండోసారి పులియబెట్టి, కనీసం పదిహేను నెలలు నిలవవుంచి అమ్మాలి. ఆ నురగంతా ఆ రెండో పులుపు చలవే. ఇందులో ఎంత శ్రమ, ఎంత విద్య వున్నదో తలచుకుంటే నమస్కరించాలనిపిస్తుంది. అయితే 1911లో ఆ ప్రాంతపు రైతులే తిరగబడ్డారు. పురుగు తెగులుతో తోటలు పోయి, పంటలు పోయి వున్న కాలంలో వర్తకసంస్థలు బయటి ప్రాంతాల చౌక ద్రాక్ష తెచ్చి షాంపేను పేరుతో అమ్ముతున్నాయని వారి ఆగ్రహం. ఆయీ అనే పట్టణంలో వర్తకుల ఇళ్ళూ కొట్లూ తగలబెట్టారు, వీధుల్లో వైను ప్రవహించింది, సైన్యం దిగింది. ఈనాడు జాబితాలో గర్వంగా అచ్చువేసే ‘వూరి పేరు’ వెనక ఆ రైతుల పోరాటం వున్నది. ఆ పోరాటం జాబితాలో లేదు.

పాత కథ అనుకోనక్కరలేదు. 2023 సెప్టెంబరు కోతల్లో తీవ్రమైన ఎండల నడుమ అదే ప్రాంతంలో పలువురు కోత కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఆ కోతలకే పశ్చిమాఫ్రికా నుండి వచ్చిన యాభై మందికి పైగా కూలీలను మనుషులుండలేని బసలో కుక్కి పనిచేయించారని కేసు నడిచి, 2025 జూలైలో షాలోన్ న్యాయస్థానం ముగ్గురిని మనుషుల అక్రమ రవాణా నేరానికి దోషులుగా నిర్ణయించింది. ఒక్కొక్క సీసాకూ ఇది అంటుకున్నదని నేననను. అలా అనడం అన్యాయం. కాని ద్రాక్ష ఏ వాలు మీద పండిందో చెప్పగలిగిన జాబితా, కోసినవాడు ఏ కప్పు కింద పడుకున్నాడో మాత్రం ఎందుకు చెప్పదు?

మార్క్సు ఈ ప్రశ్నకు చాలా దగ్గరి నుండి వచ్చినవాడు. అతడు పుట్టిన ట్రియర్ పట్టణం మోజెల్ నది ద్రాక్షసీమలోనిది. 1843 జనవరిలో రైనిషె జైటుంగ్ పత్రికలో మోజెల్ ద్రాక్షరైతుల దైన్యం గురించి రాసి అధికారుల కోపానికి గురి అయ్యాడు. కట్టెల దొంగతనం చట్టం చర్చలూ, ఈ ద్రాక్షరైతుల సంగతీ తనను మొదటిసారి ఆర్థిక ప్రశ్నల వైపు తిప్పాయని 1859లో తనే చెప్పుకున్నాడు. గింజను ఎంత నమిలినా దాన్ని పండించినవాడు బానిసో స్వతంత్రుడో నాలుకకు తెలియదన్న గ్రహింపు కూడా అతనిదే. రుచి తన పుట్టుకను తనంతట తాను చెప్పదు. చెప్పించాలి. చెప్పించడానికే విమర్శ.

ఇప్పుడు మన వూరికి వద్దాం. షాంపేనుకు వున్నంత సూక్ష్మమైన రుచిభేదం మన తాటితోపుల్లోనూ వున్నది. పోతుతాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు, ఈతకల్లు వేరు. ఏజెన్సీలో జీలుగు కల్లు మరీ వేరు. తెల్లవారి దింపిన లొట్టిలో తీపి, పొద్దెక్కేసరికి పులుపు, సాయంకాలానికి ఘాటు. ఏ చెట్టుదో, ఏ పూట దింపినదో గుక్కలో చెప్పగలవాళ్ళు మా జిల్లాలో ఎందరో. పులియబెట్టే సూక్ష్మజీవి అక్కడా ఇక్కడా ఒకటే పని చేస్తుంది, నురగా ఒకటే. భేదమల్లా ఆ రుచిని దళసరి కాగితం మీదికి ఎక్కించే విమర్శకుడు కల్లుకు లేకపోవడంలో వున్నది. మోకు వేసుకుని చెట్టెక్కి, జారిపడి నడుం విరిగిన గీత కార్మికుడు ఏ జాబితాకూ ఎక్కడు.

పైగా ఆ చెట్టు మీద ప్రభుత్వాల కన్ను ఎప్పుడూ వున్నది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కల్లు మీద పన్నునూ పాటహక్కునూ గట్టిగా బిగించింది. దానిపక్కన 1962 నాటి కస్టమ్స్ చట్టాన్ని పెట్టి చూడండి: విదేశాలకు పోయే విమానంలో ప్రయాణికులు తాగే దిగుమతి సరుకుకు దిగుమతి సుంకం కట్టనక్కరలేదు. చెట్టు మీది ముంతకు పన్ను. మేఘాల మీది గ్లాసుకు మినహాయింపు! మద్రాసు రాష్ట్రం నుండి సంక్రమించిన మద్యనిషేధం గీత కార్మికుల పొట్టకొట్టినప్పుడు గౌతు లచ్చన్న నాయకత్వంలో వారు ఉద్యమించారు. నిషేధ సమస్య మీదనే 1954 నవంబరులో ప్రకాశంగారి ఆంధ్ర రాష్ట్ర మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లు చిన్న విషయం కాదని ఆనాటి శాసనసభకు తెలుసు.

ఇక ‘నాణ్యత’ అనే మాట ఈ గడ్డ మీద ఏ అర్థంలో వినబడుతున్నది? 2019 అక్టోబరు నుండి ప్రభుత్వమే దుకాణాలు నడిపిన అయిదేళ్ళూ, ఎన్నడూ వినని పేర్ల సీసాల నాణ్యత గురించి ఊరూరా ఫిర్యాదులే. 2024 ఎన్నికల్లో నాణ్యమైన మద్యం ఒక వాగ్దానం కూడా అయింది. ఆ అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాయి, క్వార్టరు సీసా 99 రూపాయలకు ఇస్తామన్నారు. మధ్యలో, 2022 మార్చిలో, పశ్చిమగోదావరి జంగారెడ్డిగూడెంలో రోజుల వ్యవధిలో ఎందరో కన్నుమూశారు. నాటుసారాయే చంపిందని కుటుంబాల వారూ ప్రతిపక్షమూ అన్నారు; కాదు, చాలావరకు సహజ మరణాలేనని ప్రభుత్వం అన్నది. ఆ వాదం ఎలా తేలినా ఒకటి నిజం. ముందు వరుసలో కూర్చున్నవాడికి నాణ్యత అంటే వెనకగా వచ్చే బాదం వాసన. ఈ కూలికి నాణ్యత అంటే రేపు పొద్దున్న కళ్ళు తెరవడం. ఒకే మాటకు ఇంత దూరమయిన రెండు అర్థాలను మోయించగలిగిన సమాజంలో మనం వున్నాము.

ఇక్కడ మనవారిలో ఒక పొరపాటును కూడా చెప్పుకోవాలి. తాగుడు చెడ్డది, అందులో వైను మరీ బూర్జువాది, కాబట్టి దాని మంచిచెడ్డల ప్రసక్తి మనకెందుకు అనే నీతివాదం మనలో వున్నది. అది విమర్శ కాదు, తప్పుకోవడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారాదుకాణం మీద తిరగబడినప్పుడు నీతిశతకాలు చదవలేదు. కూలిడబ్బు ఏమవుతున్నది, ఇంట్లో పొయ్యి ఎందుకు వెలగడం లేదు, దెబ్బలు ఎవరు తింటున్నారు అని లెక్క అడిగారు. సారాను దాని ఫలితాన్నిబట్టి విలువకట్టారు. 1995 నిషేధానికి దారితీసినది ఆ విలువకట్టడమే. 1997లో ఆ నిషేధం సడలించినా ఆ లెక్క తప్పు కాలేదు. అంతకన్న నిక్కచ్చి అయిన పానీయ విమర్శ తెలుగుదేశంలో నాకు మరొకటి తెలియదు. ఆ విమర్శకుల్లో ఒక్కరూ ఒక్క గుక్క రుచి చూడలేదు!

కాబట్టి నా విద్యార్థి అడిగిన విమర్శను మూడు మాటల్లో చెబుతాను. ఆ జాబితా శిల్పం గొప్పది. దాని సూక్ష్మతను మనం నేర్చుకోవాలి, మన కల్లు గురించీ, మన పచ్చడి గురించీ, మన మంచినీళ్ళ గురించీ కూడా అంత నిశితంగా రాయాలి. దాని అనుభవం అబద్ధం. అది వర్ణించిన రుచి ఆ ఎత్తున ఆ నాలుకకు పూర్తిగా దొరకదు. దాని వస్తువు అసంపూర్ణం. కోసినవాడూ, పోసినవాడూ అందులో లేరు. ఈ మూడింటినీ కలిపి చూడని రుచి విమర్శ ఎంత సొగసుగా వున్నా ప్రకటన స్థాయిని దాటదు.

మంచి వైను తాగడం నేరమని నేననను. మనిషి అయిదు ఇంద్రియాలూ చరిత్ర పొడుగునా శ్రమతో సాన పట్టబడినవి. ఆ సాన ఫలితం అందరిదీ కావాలి. సోషలిజం అంటే అందరినీ చప్పిడి కూటికి దించడమని ఎవడన్నా చెబితే నమ్మకండి. అందరి నాలుకకూ తీరికను, అందరి కంచానికీ కల్తీలేని సరుకును, అందరి శ్రమకూ పేరును ఇవ్వడం దాని పని.

సెలవులు ముగిసి కుర్రవాడు వెళ్ళేరోజున జాబితా తిరిగి యిస్తూ, ఖాళీగా వున్న చివరి పుటలో పెన్సిలుతో ఒక ప్రశ్న రాసి యిచ్చాను: “కర్త ఎవరు?” చదివి కాసేపు మాట్లాడలేదు. “ఈసారి ఆ గ్లాసు పట్టుకొచ్చిన అమ్మాయిని ఏ వూరమ్మా అని అడుగుతానండి మేస్టారూ” అన్నాడు. చిన్న పనే. వ్యాకరణంలోనైనా చరిత్రలోనైనా కర్తను వెతకడం అక్కడి నుంచే మొదలవుతుంది.